అరవై ఏడు అంగుళాల మా అక్క

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో మా ఇంటి నడవలో నాయన అక్కను గోడకు ఆనించి ఎత్తు కొలుస్తున్నాడు. టైలరు సాయిబు దగ్గర అడిగి తెచ్చిన గుడ్డ టేపు. కింద కొస నేను పట్టుకున్నాను. టేపు అక్క పెదవుల దగ్గరే అయిపోయింది.

"అరవై" అన్నాడు నాయన.

నేనప్పుడు ఐదో తరగతి. అంగుళాలను అడుగుల్లోకి మార్చే లెక్కలు అప్పుడే నేర్పారు. పన్నెండుతో భాగించాలి... భాగఫలం అడుగులు, శేషం అంగుళాలు. ఊరుకోక, పీట ఎక్కి మిగిలింది బడి స్కేలుతో కొలిచాను. "ఐదడుగుల మింద ఇంకా ఏడంగుళాలుండాది నాయనా!"

"ఐదడుగులు చాలు. పైది ఎవురడిగినారు?" అంటూ టేపు చుట్టేశాడు.

అడిగింది నంద్యాల వాళ్లు. బట్టల అంగడి ఉన్న కుటుంబం. పెళ్లికొడుకు ఐదడుగుల మూడంగుళాలు... పిల్ల అంతకన్నా పొట్టిగా ఉండాలని ముందే కబురు పెట్టారు. అప్పటికే రెండు సంబంధాలు అక్క ఎత్తు చూసి వెనక్కి పోయాయి.

"పెండ్లిలో లేసి నిలబడాల గదా నాయనా... అప్పుడేం చేస్తావ్?" అంది అక్క.

"తాళి పడినాంక ఎవురూ కొలవరులే."

పెళ్లిచూపులకు వాళ్లు రాకముందే అక్కను చాప మీద కూర్చోబెట్టారు. వాళ్లు బస్సెక్కాకే లేపారు. నాకు నవ్వొచ్చింది అప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పెళ్లిలో అరుంధతిని చూడటానికి ఇద్దరూ లేచారు... బావ తల అక్క కళ్ల దాకా వచ్చింది. పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు అక్క వీపు మీద చెయ్యేసి నొక్కింది. "రవ్వంత వంగుమ్మా, అందరూ చూస్తాండారు."

ఆ వంగడం వంగడమే. సెలవులకు నంద్యాల పోతే, నీళ్లు మోసినా అన్నం వడ్డించినా అక్క మెడ దించుకునే ఉండేది. బావ కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఏనాడూ ఆమెను పక్కన పెట్టుకుని బజారుకు నడవలేదు. ముప్పై ఏళ్లకే అక్కకు గూని వచ్చేసింది.

పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు... నాయన మీద నాకు ఇప్పటికీ ఉంది.

ఈ కాలం పిల్లలు ఇంకా పొడుగ్గా కనపడాలని ఎత్తు మడమల చెప్పులు కొనుక్కుంటున్నారు. మొన్న బంధువుల పెళ్లిలో ఫోటోలు తీసే అబ్బాయి "అవ్వా, కాస్త నిటారుగా నిలబడండి" అన్నాడు. బావ లేడు, అత్త లేదు. ఎనభై దాటిన అక్క చుట్టూ ఒకసారి చూసుకుని, "వద్దులేప్పా... నవ్వుతారు" అని ఇంకా వంగింది.

మీ ఇళ్లలో కూడా ఇట్లా వంచిన ఆడపిల్లలు ఉన్నారా? ఉంటే వాళ్ల అసలు ఎత్తు ఎంతో... అంగుళాలతో సహా ఇక్కడ రాయండి.