చుక్క చూసి చెప్పే కరీముల్లా బాబాయి

పోయిన వారం విజయవాడలో కారు సర్వీసింగుకు తీసుకెళ్లినప్పుడు, బానెట్ ఎత్తగానే వేడి ఆయిల్ వాసన గుప్పున ముఖానికి తగిలింది. అక్కడి సూపర్‌వైజరు డ్యాష్‌బోర్డు మీద అంకె చూపించి, "ఆయిల్ లైఫ్ ఇంకా ఇరవై రెండు శాతం ఉంది మేడమ్. పైగా సింథటిక్ ఆయిల్, తొందరేం లేదు" అన్నాడు. నేను ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగించి, దాని చివరనున్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసి నెమ్మదిగా రుద్దాను. అరవై దాటిన ఆడమనిషి ఇంజన్ ఆయిల్ వేళ్లకు పూసుకుని కళ్లు మూసుకోవడం ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. నిజానికి కారులోని ఆ కంప్యూటర్ ఆయిల్‌ని తాకదు, చూడదు. ఇంజన్ ఎన్నిసార్లు స్టార్ట్ అయింది, ఎంత వేడెక్కింది, ఎంత దూరం తిరిగింది అన్నవి కూడి ఒక అంచనా చెబుతుంది. మంచి అంచనాయే, కాదనను. కానీ అలాంటి ఏర్పాటు ఒకటి వస్తుందని మా వైపు ఎవరూ ఊహించని రోజుల్లో, ఆయిల్‌ని కంటితో చూసి, వేలితో తడిమి, చెవితో విని దాని ఆయుష్షు చెప్పే మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను.

ఎనభైల మధ్యలో నరసరావుపేటలో కెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసి, మాచర్ల దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ల్యాబ్ అంటే రేకుల గది. అందులో ఒక తూకం, ఒక హాట్ ప్లేట్, కొన్ని సీసాలు. రాయి పొడిలో సున్నం ఎంతుందో చూసి రాసి పంపడమే పని. పదకొండింటికల్లా అయిపోయేది. తరువాత కిటికీలోంచి డంపర్లు రాయి మోసుకుంటూ గుంటలోంచి పైకెక్కడం చూస్తూ కూర్చునేదాన్ని. చదివిన చదువంతా ఇందుకేనా అని దిగులుగా ఉండేది. చేరిన రెండో వారంలో ఒక పొడవాటి మనిషి గుమ్మం బయటే చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. తెల్ల టోపీ, మోచేతులదాకా మడిచిన ఖాకీ చొక్కా, జేబులోంచి వేలాడుతున్న మసిగుడ్డ. యాభై ఏళ్లుంటాయి. ఏడు డంపర్లకూ పెద్ద మెకానిక్ కరీముల్లా ఆయనే.

"అమ్మాయ్, నీ దగ్గర గుండ్రటి తెల్ల కాయితాలుంటయ్యంట గదా? ఒకటి ఇయ్యి" అన్నాడు. ఫిల్టర్ పేపర్ ఇచ్చాను. ఆయన తెచ్చిన చిన్న సీసాలోంచి పుల్లతో ఒక నల్లటి ఇంజన్ ఆయిల్ చుక్క తీసి కాగితం మధ్యలో వేశాడు. "బ్లాటింగ్ కాయితం మీద వేస్తా ఎప్పుడూ. అది గరుకు. నీదైతే నున్నంగా ఉంది. మజ్జానం వస్తా, కదిలించమాక" అని వెళ్లిపోయాడు. నేను కదిలించలేదు గాని, దాని ముందు నుంచి నేనూ కదల్లేదు. చుక్క మెల్లగా పరుచుకుంటోంది. మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ బూడిదరంగు వలయం, ఆపైన పలచటి పసుపు అంచు. మసి ఒకచోట ఆగింది, నూనె ఇంకా ముందుకు పోతోంది! కాలేజీలో కాగితం మీద సిరా చుక్క వేసి రంగులు విడదీసిన ప్రయోగం ఇదే కదా! ఆయన తిరిగి వచ్చేసరికి నేను దాదాపు గంతులేస్తున్నాను.

"బాబాయ్, ఇది క్రొమటోగ్రఫీ!" అన్నాను. గారూ గీరూ అనకుండా ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఆయన నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏందో తల్లా, నాకా పేరు తెలవదు. చుక్క పారితే ఆయిల్‌కి ఇంకా సత్తువ ఉన్నట్టు. మసిని మోసుకుపోతంది. మధ్యలోనే ముద్దగా కూర్చుందనుకో, ఇంక మొయ్యలేనని చెబుతున్నట్టు. మార్చాల." ఆగి, కొంచెం సిగ్గుగా అడిగాడు. "పుస్తకంలో కూడా ఇట్టనే ఉందా?" ఉంది బాబాయ్ అన్నప్పుడు ఆ ముఖంలో వెలిగిన వెలుగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ముప్పై ఏళ్లుగా తానొక్కడే చేస్తున్న పనికి ఎక్కడో పుస్తకాల్లో తోడు దొరికింది ఆయనకి. నా చదువుకి ఈ రేకుల గదిలో ఒక పని దొరికింది నాకు.

ఆరోజు నుంచీ ప్రతి సోమవారం పొద్దున్నే డంపర్ల దగ్గర చుక్కలు పట్టుకొచ్చి కాగితాల మీద వేసి, ల్యాబ్ గోడకి వరసగా అంటించేవాళ్లం. బండికో వరస. రెండు నెలలు తిరిగేసరికి గోడ మాట్లాడటం మొదలుపెట్టింది. కంపెనీ నియమం ప్రకారం ప్రతి బండికీ ఇంజన్ రెండొందల యాభై గంటలు నడవగానే ఆయిల్ మార్చాలి. కానీ రాళ్లు పిండిచేసే క్రషర్ పక్కన దుమ్ములో తిరిగే రెండో నంబరు బండి చుక్క నూట యాభై గంటలకే ముద్దకట్టేది. రోడ్డు మీద నీళ్లు చల్లే ట్యాంకరు చుక్కేమో మూడొందలకు కూడా చక్కగా పారేది. "అందరికీ ఒకటే గంట కొడితే ఎట్టా అమ్మాయ్? ఒకడు ఎండలో రాళ్లు మోసేవోడు, ఒకడు నీడన కూర్చునేవోడు. ఇద్దరికీ ఒకేసారి ఆకలేసుద్దా?" అనేవాడు. ఈ మాట మేనేజరు గారికి చెబితే ఆయన నవ్వేశారు. మంచివాడే, కానీ నియమం పుస్తకంలో ఉంది, మా గోడ పుస్తకంలో లేదు.

ఆయన నవ్వు ఆగిపోయిన రోజు కరీముల్లా బాబాయి ఊళ్లో లేడు. చెల్లెలి కూతురి పెళ్లికి నూజెండ్ల వెళ్లాడు. ఆ సోమవారం నేనొక్కదాన్నే చుక్కలు పట్టాను. పదింటికి కాగితాలు చూస్తే నాలుగో నంబరు చుక్క పారలేదు. అది మసి ముద్ద కూడా కాదు. అంచులు రంపపు పళ్లలా చిరిగి ఉన్నాయి. సీసాని వెలుగులో పెట్టి చూస్తే నలుపులో ఏదో కాఫీ రంగు కలిసినట్టుంది. ఆయిల్‌లో నీళ్లు! కిటికీలోంచి చూశాను. నాలుగో నంబరు నిండు లోడుతో గుంటలోంచి పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

పరిగెత్తాను. గేటు దగ్గర రాయి పేల్చే సమయంలో చూపించే ఎర్ర జెండా ఉంటే లాక్కుని, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని ఎత్తుదారి మధ్యలో నిలబడి ఊపాను. అంత పెద్ద బండి కీచుమంటూ నా ముందు ఆగింది. డ్రైవరు ఏడుకొండలు తల బయటపెట్టి, "ఏంది మేడంగారూ, చస్తారా ఏంది!" అని అరిచాడు.

"ఇంజన్ ఆపెయ్! ఆయిల్‌లో నీళ్లు పడుతున్నాయి."

ఏడుకొండలు ముఖం పాలిపోయింది. అతని కంగారుకి కారణం క్వారీ అంతటికీ తెలిసిందే. ఏడాది కింద ఇదే బండి ఇంజన్ బిగుసుకుపోయి పట్టేస్తే, ఆయిల్ చూసుకోలేదని అతన్ని నెల రోజులు ఇంటికి పంపారు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. "పైకెక్కించి ఆపుతానండీ. ఈడ ఆపితే దారి మూసకపోద్ది. నన్ను చంపుతారు" అన్నాడు. "ఎక్కేలోపలే పట్టేస్తుంది. ఇక్కడే ఆపు" అన్నాను. అతను చక్రాలకింద రాళ్లు పెట్టించి ఇంజన్ ఆపాడు. వెనక మూడు డంపర్లు వరసగా హారన్లు మోగించాయి. ఐదు నిమిషాల్లో మేనేజరు గారి జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది.

"ఎవరు ఆపమన్నారు?"

"నేనే సార్."

"రాయి పొడి చూసుకునే అమ్మాయికి డంపర్లతో ఏం పని? కరీముల్లా చెప్పాడా?"

"ఆయన ఊళ్లో లేరు సార్. నేనే ఆపాను. పది నిమిషాలు ల్యాబ్‌కి రండి. నాది తప్పైతే రేపటినుంచి రాను."

ఆ చివరి మాట ఎందుకన్నానో! మా ఇంట్లో నాదొక్కటే జీతం. ల్యాబ్‌లో హాట్ ప్లేట్ వేడెక్కుతుంటే కొత్త ఆయిల్ సీసా తీసి పక్కన పెట్టుకున్నాను. ఈ పరీక్ష బాబాయి నేర్పిందే. నీళ్లుంటే చప్పుడు చేస్తుందని ఆయన వేడి సైలెన్సరు మీద చుక్క వేసి చెవి పెట్టి వినేవాడు. ముందు కొత్త ఆయిల్ చుక్క వేశాను. చప్పుడు లేకుండా పరుచుకుని పొగలు పోయింది. తరువాత నాలుగో నంబరు చుక్క వేశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ ఒక్క క్షణంలో నా ఉద్యోగం, ఏడుకొండలు ఉద్యోగం రెండూ పోయాయనుకున్నాను. అప్పుడు చిట్ మంది. వెంటనే చిటపటచిటపట, పోపులో ఆవాలు పేలినట్టు! మేనేజరు గారు నా చేతిలోంచి పుల్ల తీసుకుని తానే ఇంకో చుక్క వేశారు. మళ్లీ చిటపట. గుమ్మంలో నిలబడ్డ ఏడుకొండలు "అమ్మో, నీళ్లే!" అని గట్టిగా అరిచాడు.

ఇంజన్ చల్లారాక కిందనున్న ఆయిల్ చాంబర్ నట్టు విప్పారు. ముందు ఆయిల్ రాలేదు. తుప్పురంగు నీళ్లు ధారగా వచ్చాయి. చెంబెడు పైనే. ఆ తరువాత ఆయిల్. చుట్టూ చేరిన వాళ్లంతా ఈలలు వేశారు. ఇంజన్ హెడ్ విప్పితే, నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే గ్యాస్కెట్ ఒకవైపు కాలిపోయి, రేడియేటర్ నీళ్లు లోపలికి కారుతున్నాయి. ఇంజన్ దక్కింది. పోయిన ఏడాది పట్టేసింది కూడా ఇట్లాగే కాబోలు అని మేనేజరు గారు అందరి ముందూ అన్నారు. ఏడుకొండలు చేత సంతకం పెట్టించిన కాగితాన్ని ఆ సాయంత్రమే అతని ముందు చింపేశారు.

మర్నాడు బాబాయి బస్సు దిగేసరికే కథ మాచర్ల సెంటరు దాకా పాకింది. ల్యాబ్‌కి వచ్చి కూర్చుని, మొత్తం విని, మెచ్చుకోలేదు. "జెండా ఊపేటప్పుడు చేతులు వణికినయ్యా?" అని అడిగాడు. చానా వణికినయ్ బాబాయ్ అన్నాను, ఆయన యాసలోనే. "మంచిది. వణక్కపోతే నాకు భయమేసేది" అని, అప్పుడు నవ్వాడు. టోపీ తీసి తొడమీద కొట్టుకుంటూ, కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ నెల నుంచి క్వారీలో ఆయిల్ మార్చేది గంటల మీటరు చూసి కాదు, మా గోడ చూసి.

ఇక్కడితో ఆపితే నేను గొప్పదాన్నే అనిపించుకోవచ్చు. కానీ ఆరునెలల తరువాత జరిగింది చెప్పకపోతే ఆయన నాకు ఏం నేర్పాడో చెప్పనట్టే. క్వారీకి విదేశాల నుంచి గాలిని నొక్కి పంపే ఒక కొత్త కంప్రెసర్ వచ్చింది. దానితోపాటే సింథటిక్ ఆయిల్ డబ్బాలు. భూమిలోంచి తోడింది కాదు, ఫ్యాక్టరీలో తయారుచేసిన ఆయిల్ అది. మామూలు ఆయిల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం పనిచేస్తుందని దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. నేనైతే ఆ పుస్తకాన్ని దిండుకింద పెట్టుకుని పడుకున్నాను. వారాలు గడుస్తున్నా కాగితం మీద చుక్క తేనెలా బంగారు రంగులో పారుతోంది. అందరితో ఇంకా మార్చక్కర్లేదు, ఇంకా మార్చక్కర్లేదు అని గర్వంగా చెబుతున్నాను. ఒకరోజు బాబాయి ఆ చుక్కని వేళ్ల మధ్య రుద్ది, నా చెయ్యి ముందుకు చాపమని నా వేళ్ల మధ్య కూడా వేశాడు. "రుద్దు. ఏం తగులుతంది?"

సన్నటి గరగర. మెషీను ఆపి చూస్తే గాలి పీల్చే గొట్టం జాయింటు సడలి ఉంది. సున్నపురాయి దుమ్ము నేరుగా లోపలికి పోతోంది. తెల్లటి దుమ్ము. నా తెల్ల కాగితం మీద కనబడని దుమ్ము. లోపల బేరింగులకి గీతలు పడిపోయాయి. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన కోప్పడతాడనుకున్నాను. "తప్పు నాది గూడా అమ్మాయ్. నీ కాయితం చూసి మురిసిపోయి నేనూ వేలు పెట్టడం మానేసినా" అన్నాడు. ఆ మెషీనుని తిరిగి నిలబెట్టడానికి మా ఇద్దరికీ పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆయన హుషారుగానే ఉన్నాడు. విప్పిన ప్రతి ముక్కా నా చేతిలో పెట్టి, ఇది చూడు, ఇది చూడు అంటూనే ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్న నాకు రెండోరోజుకే ఆ ముక్కల మీద ఆసక్తి పుట్టేసింది. మనిషిని తప్పులోంచి అలా బయటికి లాగేవాళ్లని ఆ తరువాత నేను ఎక్కువమందిని చూడలేదు.

విశాఖపట్నంలో ఆయిల్ పరీక్షించే పెద్ద ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చి క్వారీ వదిలినప్పుడు, ఆయన స్టేషనుకి వచ్చాడు. మీటర్ గేజ్ రైలు కదలడానికి టైముంటే, ముందుకెళ్లి ఇంజన్ డ్రైవరుతో ఆయిల్ ఎన్నాళ్లకి మారుస్తారని ముచ్చటపెట్టి తీరిగ్గా తిరిగొచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, "ఆడ చానా పెద్ద మిషన్లుంటయ్యంట. అయ్యి చెప్పింది రాయి. చెప్పలేనిది గూడా రాయి. రెండోది రాయకపోతే చదివినోడు మొత్తం తెలిసిందనుకుంటాడు" అన్నాడు. రైలు కదిలింది. ఆయన చెయ్యి ఊపుతూ కొంత దూరం నడిచాడు. నేను వెళ్లిన ఆరేళ్లకు ఆయన పోయాడని ఏడుకొండలు రాసిన ఉత్తరంలో తెలిసింది.

విశాఖలో నేను సంతకం పెట్టిన ప్రతి రిపోర్టు కిందా ఒక వాక్యం ఉండేది: ఈ పరీక్షలో ఫలానా ఫలానా విషయాలు తెలియవు, వాటికోసం మెషీను దగ్గరకు వెళ్లి చూడవలసింది అని. అది చదివితే కస్టమర్లకు మన మీద నమ్మకం పోతుందని పైవాళ్లు చాలాసార్లు గొడవపెట్టారు. నేను తీయలేదు. ఒకసారి ఒక కరెంటు ఉత్పత్తి కేంద్రం నుంచి ఇంజనీరు ఫోను చేశాడు. రిపోర్టులో అంతా బాగుందని ఉన్నా, కింది వాక్యం చదివి అనుమానం వచ్చి ఆయిల్ ఫిల్టర్ కోసి చూశారట. బేరింగు నుంచి ఊడిన లోహపు రేకులు దొరికాయట. ఇంకో వారం నడిపి ఉంటే టర్బైన్ పోయేదట. ఆ సంతోషంలోనే అడిగాడు.

"ఆ లైను రాయాలని మీకు ఎవరు చెప్పారు మేడమ్? ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదండీ. మాచర్లలో మా బాబాయి చెప్పారు. కరీముల్లా గారని."

"ఒక్క నిమిషం, రాసుకుంటాను" అన్నాడాయన. నేను ఆ పేరు అక్షరం అక్షరంగా విడదీసి, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాను.