మైకు ముందు చెప్పిన క్షమాపణ

అశోక్ నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో నాలుగేళ్లకు పైగా పనిచేశాను. 2010లో చేరాను, 2014లో వదిలేశాను. అందులో మొదటి రెండేళ్లు ఆ సంస్థను నా సొంతం అనుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మాది మహబూబ్‌నగర్ జిల్లా. నారాయణగూడలో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదివాను. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి చదివే ఓపిక లేదు, ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. అప్పుడు నేను చదువుకున్న సెంటర్ డైరెక్టరే పిలిపించాడు.

“నీకు పాలిటీ మంచిగ వస్తదమ్మా. మెటీరియల్ రాయి, చిన్న బ్యాచులకు క్లాసులు చెప్పు. నువ్వు నాకు చెల్లె లెక్క” అన్నాడు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ భవనంలో పనిచేసే వాళ్లంతా ఆయనకు చెల్లెళ్లూ తమ్ముళ్లేనని తర్వాత తెలిసింది. గదులు ఊడ్చే ఆమెకు మాత్రం ఏ వరసా లేదు. ఆమెను “ఏయ్” అని పిలిచేవాడు.

డైరెక్టర్‌కు పాలిటీలో పెద్ద పేరు. రోడ్డు మీద కట్టిన ఫ్లెక్సీలో ఆయన మొహం కిటికీ అంత ఉండేది, చూపుడు వేలు పైకెత్తి ఉండేది. చుట్టూ ర్యాంకులు వచ్చిన వాళ్ల ఫొటోలు. వాళ్లలో సగం మంది మా దగ్గర ఒక్క మాక్ టెస్టు రాసి వెళ్లినవాళ్లు. ఆయన పుస్తకం తెరిచి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియాలి. రోజూ పొద్దున నేను ఆ రోజు పాఠాన్ని పాయింట్లుగా చీటీ మీద రాసి ఇచ్చేదాన్ని. దాన్ని హాజరు పుస్తకంలో పెట్టుకుని గంటన్నర చెప్పేవాడు. ఒకరోజు పొరపాటున ముందురోజు చీటీ తీసుకుని వెళ్లాడు. గవర్నర్ అధికారాలు మళ్లీ మొదటినుంచి చెప్పాడు. సార్ రెండోసారి చెబుతున్నాడంటే పరీక్షలో తప్పకుండా వస్తుందని పిల్లలంతా మళ్లీ రాసుకున్నారు.

అదంతా చూస్తూ కూడా ఆయన కోసం కొట్లాడేదాన్ని. హాస్టల్‌లో ఎవరైనా మా సెంటర్ బాగుండదంటే ఆ రోజు వాళ్లతో మాట్లాడేదాన్ని కాదు. ఎదురుగా ఉన్న ఇంకో సెంటర్ వాళ్లు రెండుసార్లు పిలిచినా వెళ్లలేదు. బంద్ రోజుల్లో బస్సులు లేకపోతే నారాయణగూడ నుంచి నడిచి వచ్చి ఆఫీసు తాళం తీసేదాన్ని. రమ్మని ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే చేయడం గొప్ప అనుకునేదాన్ని.

2012లో మోడల్ టెస్టుల పుస్తకం వేశాం. ప్రశ్నలు, జవాబులు అన్నీ నేనే రాశాను. చిక్కడపల్లిలో ఒక డీటీపీ షాపులో టైపు చేయించి, ప్రూఫులు డైరెక్టర్ బల్ల మీద పెట్టాను. ఆయన ఎర్ర పెన్నుతో మూడు జవాబులు కొట్టేసి వేరేవి రాశాడు. ద్రవ్య బిల్లును రాజ్యసభ ఎన్ని రోజుల్లో తిప్పి పంపాలనేది అందులో ఒకటి. పద్నాలుగు రోజులని నేను రాస్తే, దాన్ని కొట్టేసి నెల రోజులని రాశాడు. కింద సంతకం కూడా పెట్టాడు.

“సార్, పద్నాలుగే” అన్నాను.

“ఇరవై ఏండ్ల సంది చెప్తున్న. నాకు నేర్పుతవా నువ్వు?” అన్నాడు, నవ్వుతూనే.

రాజ్యాంగం పుస్తకం తెచ్చి చూపించాను. ఫోను వచ్చింది, ఆయన బయటికి వెళ్లిపోయాడు. ఆయన దిద్దినట్టే పుస్తకం అచ్చయింది, ఆయన ఫొటోతో, ఆయన పేరుతో. నా పేరు ఎక్కడా లేదు. అప్పుడు దానికి కూడా బాధపడలేదు.

పుస్తకం పంచిన రెండు వారాలకు పెద్ద హాల్లో గొడవ మొదలైంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి సెలవు పెట్టి చదువుకుంటున్న ఒకాయన లేచి, పుస్తకం పట్టుకుని అడిగాడు.

“సార్, ఇందుల మూడు జవాబులు తప్పున్నయి. మేము ఊర్లు ఇడిచిపెట్టి వచ్చి చదువుతున్నం. మీ పుస్తకం నమ్మి రాస్తే మా బతుకు ఏం గావాలె?”

హాలంతా కేకలతో లేచింది. వందల మంది. డైరెక్టర్ వేదిక మీద ఉన్నాడు, నేను పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆయన చేయి ఎత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. ఇప్పుడు ఒప్పుకుంటాడు, సరిచేసిన పేజీ అచ్చు వేయిస్తానంటాడు అనుకున్నాను. ఆయనకు నేనిచ్చిన మర్యాద అంతటిది.

“ఇది నేను రాసింది కాదు” అన్నాడు మైకులో. “పని చెప్తే సక్కగ చెయ్యని మనుషులను పెట్టుకున్నందుకు నాకు ఇట్ల అయింది. ఇదిగో, ఈమెనే రాసింది. ఇటు రా అమ్మా. పిల్లలకు సారీ చెప్పు.”

వేదిక ఎక్కాను. మైకు ఆయన ఎత్తుకు ఉంది, మడమలెత్తి నిలబడ్డాను. “తప్పయింది, క్షమించండి” అన్నాను. ముందు వరసలో ఎవరో “చదువు రాని వాళ్లను పెడితే గంతే” అన్నారు. డైరెక్టర్ ఆ మాటకు తలూపాడు. తలూపకుండా ఉండవలసింది. నాకు అన్నిటికన్నా ఆ తలూపడమే ఎక్కువ గుర్తుంది.

ఆ సాయంత్రం చిక్కడపల్లి వెళ్లి డీటీపీ షాపు అన్నను ప్రూఫులు అడిగాను. అట్టపెట్టెలోంచి వెతికి తీశాడు. ఎర్ర గీతలు, సంతకం, అన్నీ అలాగే ఉన్నాయి.

“జిరాక్సులు తీసి గోడలకు అంటిద్దామా అక్క?” అన్నాడు.

వద్దన్నాను. ఆయన మర్చిపోయి ఉంటాడని అప్పటికింకా అనుకుంటున్నాను. చూపిస్తే సిగ్గుపడతాడు, రేపు పిల్లల ముందు నా గురించి ఒక మంచి మాట చెబుతాడు. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

మర్నాడు పొద్దున ప్రూఫు ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఆశ్చర్యపోలేదు.

“నాకు యాదికున్నదమ్మా” అన్నాడు తాపీగా. “నిన్న అక్కడ నిలబడ్డప్పుడు కూడ యాదికున్నది. జర ఆలోచించు. నేను తప్పు చేసిన అంటే సంస్థ పోతది. నువ్వు చేసినవంటే ఏం పోతది?”

బెల్లు కొట్టి నాకు టీ తెప్పించాడు. తాగలేదు. ఆయన మీద కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. ఆయన ఎర్ర పెన్ను, టీ సాసరు, గోడ మీద ఆయన శాలువా కప్పించుకున్న ఫొటోలు, అన్నీ ఒక్కసారిగా చవకగా కనిపించాయి. ఈ మనిషి కోసమా నేను బంద్ రోజుల్లో నడిచి వచ్చింది అనుకున్నాను. ఆయన మీద ఎంత అసహ్యం కలిగిందో, నా మీద నాకు దానికి తక్కువేమీ కలగలేదు.

వెంటనే మానేయలేదు. మా చెల్లెలు హాస్టల్‌లో చేరి డిగ్రీ చదువుతోంది, నాకు పని కావాలి. ఇచ్చిన పని వరకే చేశాను. చీటీలు రాయడం మానేశాను. అవి నా పనిలో భాగమని ఎవరూ ఎప్పుడూ అనలేదు. పది రోజులకే క్లాసుల్లో డైరెక్టర్ తన చిన్నప్పటి కష్టాలు చెప్పడం మొదలుపెట్టాడు. ప్రశ్న అడిగితే “అది సిలబస్‌ల లేదు” అనేవాడు. సిలబస్‌లో ఉన్న సగం సంగతులు అలా సిలబస్‌లోంచి పోయాయి.

ఒకరోజు గదిలోకి పిలిచాడు. “ఈ మధ్య నువ్వు మనసు పెడ్తలేవమ్మా.”

“నా క్లాసులు చెప్తున్న, మెటీరియల్ ఇస్తున్న సార్.”

“పని వేరు, మనసు వేరు.”

“మనసు మైకు ముందర నిలబడ్డనాడే పోయింది సార్.”

పొమ్మని చేత్తో సైగ చేశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పిల్లలను మాత్రం గాలికి వదిలేయలేకపోయాను. టీ కొట్టు దగ్గర ఎవరు అడిగినా పుస్తకంలో తప్పులు పెన్సిలుతో దిద్ది ఇచ్చేదాన్ని. ఒకరోజు ఆ కానిస్టేబుల్ కూడా వచ్చాడు.

“అక్క, ఆ తప్పు నీది కాదని నాకు తెల్సు. నువ్వు క్లాసుల పద్నాలుగు రోజులనే చెప్పినవు. నా నోట్సుల ఉన్నది.”

“మరి ఆరోజు ఎందుకు చెప్పలేదన్నా?”

టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “భయమైంది. సార్ చెప్పింది అబద్ధమంటే నన్ను క్లాసుకు రానియ్యడని.”

అతని భయం నాకు అర్థమైంది. అతని పుస్తకం కూడా దిద్ది ఇచ్చాను, అంతే.

2014లో రాష్ట్రం వచ్చింది. ఉద్యమం రోజుల్లో ఊరేగింపు వస్తోందంటే గేటుకు లోపల తాళం వేయించిన మనిషి, ఇప్పుడు గులాబీ రంగు కండువాతో ఫ్లెక్సీ కట్టించుకున్నాడు. కొత్త పరీక్షలకు ఉద్యమ చరిత్ర పుస్తకం కావాలి, నెల రోజుల్లో రాసివ్వమన్నాడు.

“ఇది మన చరిత్రమ్మా. ప్రేమతోని రాయాలె” అన్నాడు.

“నేను మానేస్తున్న సార్” అన్నాను. కాగితం అప్పటికే రాసి సంచిలో పెట్టుకున్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. “రోడ్డు మీద ఉన్నదాన్ని తీస్కొచ్చి కుర్చీల కూసోబెట్టిన. విశ్వాసం ఉండాలె మనిషికి.”

“ఉండె సార్. రెండేండ్లు ఉండె” అని చెప్పి, కాగితం బల్ల మీద పెట్టి వచ్చేశాను.

చిక్కడపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఆడపిల్లలకు పాలిటీ చెప్పడం మొదలుపెట్టాను. మొదట ఆరుగురు. పెద్దగా పెరగలేదు, మూతపడలేదు. ఆయనకు మాత్రం ఏ నష్టమూ జరగలేదు. పక్క భవనం కూడా తీసుకున్నాడు, ఫ్లెక్సీ ఇంకా వెడల్పయింది. నా చీటీలు ఇప్పుడు ఎవరు రాస్తున్నారో తెలియదు. ఎవరో ఒక చెల్లె రాస్తూనే ఉండి ఉంటుంది.

కొత్తగా ఊరి నుంచి వచ్చిన పిల్లలు ఆ సెంటర్‌లో చేరమంటారా అని నన్ను అడుగుతుంటారు. హాల్లో ఫ్యాన్లు బాగా తిరుగుతాయి, మంచినీళ్లు చల్లగా ఉంటాయి, పాలిటీ మాత్రం మీరే చదువుకోండి అని చెబుతాను.