గబ్బు పాట కప్పు పాటైంది

మా చిన్నప్పుడు... తమిళనాడులో పేర్ణాంబట్టు పక్కన మా చేలో అమ్మ దగ్గరుండి తవ్వించిన బావి ఒకటి ఉండేది. కొబ్బరినీళ్లలా ఉండేవి ఆ నీళ్లు. తోళ్ల ఫ్యాక్టరీలు పెరిగాక అదే బావిలో చేద వేస్తే ఎర్రటి నురుగు, కుళ్లిన తోలు కంపు.

అప్పుడే సినిమాల్లో గడగడా మాట్లాడే ర్యాప్ పాటలు కొత్త. మా శేఖరన్నకు ఆ పిచ్చి పట్టింది. బావి మీద తనే ఒక పాట కట్టాడు...

"గబ్బు గబ్బు, బాయంతా గబ్బు
తాగేదెట్లప్పా, సెప్పు సెప్పు"

గుడియాత్తం బజారులో క్యాసెట్లు రికార్డు చేసే కొట్టు. మోత వినపడకూడదని ఫ్యాను ఆపేశారు. నేను కిరసనాయిలు డబ్బా వాయించాను, అన్న పాడాడు. ఇంటికొచ్చి వినిపిస్తే అమ్మ నవ్వలేదు.

"నా బాయికి నోరొచ్చినట్టుండాది నాయనా" అంది.

తమిళ బడిలో చదివిన మాకు తెలుగు మాటే గానీ అక్షరం రాదు. అందుకని క్యాసెట్ అట్ట మీద పాటంతా తమిళంలో రాశాడు అన్న. ఆ రాతలో క, గ ఒకటే... ప, బ ఒకటే. గబ్బు అని రాసినా కప్పు అని చదవచ్చు. కాపీలు తీసి ఊళ్లో పంచాం. ఊరంతా పాడుకునే పాటను తప్పుగా చదివేదెవరులే అనుకున్నాం.

ఎలక్షన్లప్పుడు రెండు కట్చీల, అంటే పార్టీల, ఆటోలూ మైకుల్లో ఆ పాటే వేసుకుని ఓట్లడిగాయి. గెలిచినవాళ్లు బావి వైపు రాలేదు. ఓడినవాళ్లూ రాలేదు.

మొన్న ఊరికి వెళ్లాను. శేఖరన్నతో కలిసి మైదానానికి పోతే అక్కడ క్రికెట్ పోటీ. జరిపిస్తున్నది ఆ తోళ్ల ఫ్యాక్టరీ ముదలాళే, అంటే యజమానే. స్పీకర్లలో మా అన్న పాట... కొత్త గొంతు, డీజే మోత.

"కప్పు కప్పు, మాకే కప్పు..."

ఛీ అనిపించింది. పాడినాయన్ని పట్టుకుని అడిగాను. అన్న రాసిన ఆ పాత క్యాసెట్ అట్ట తీసి చూపించాడు.

"ఇందులో కప్పు అనే గదన్నా ఉండాది. మిగతాది మ్యాచికి తగినట్టు మార్చుకున్నాం."

అంతలో ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగింది. జనం ఒక చేత్తో చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ ఎగురుతున్నారు. పక్కన నిలబడ్డ శేఖరన్న ఒకటే మాట అన్నాడు.

"ముక్కు మూసుకోని పాడతా ఉండారు సూడరా."

అమ్మ లేదు. బావి పూడ్చేశారు. ఈ వయసులో కూర్చుని నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను...

మీ చిన్నప్పుడు మీ బావి నీళ్లు ఎట్లా ఉండేవి? ఇప్పుడెట్లా ఉన్నాయి? కింద రాయండి. మొహమాటపడకుండా 'గ' తోనే రాయండి.