బోటీ కడిగే ఆవిడ చేతులు

శనివారం పొద్దున్న పూలకుండీలకు నీళ్ళు పోస్తుంటే మటన్ కొట్టు ఆయన మా గేటు ముందు స్కూటర్ ఆపి, దిగకుండానే చెప్పాడు. "టీచరుగారూ, బోటీ ఆవిడ పోయిందండి నిన్న." నేను "అయ్యో" అన్నాను. వరండాలో పడుకున్న మా కుక్క స్కూటర్ చప్పుడుకి తల కూడా ఎత్తలేదు.

పాలకొల్లులో మా వీధి చివర ఉన్న మటన్ కొట్టు వెనక కూర్చుని మేకల పొట్టలు, పేగులు కడిగేది ఆవిడ. వేణ్ణీళ్ళు పోసి, సున్నం రాసి, పొట్టలోని పచ్చటి పసరంతా గీకి గీకి, ఉతికిన తువ్వాలులా చేసి ఇచ్చేది. అందరూ బోటీ ఆవిడ అనేవారు, నేనూ అలాగే అన్నాను. పేరు అడగాలని ఒక్కసారీ అనిపించలేదు.

మా కుక్క పేరు సింహం. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు వేళాకోళానికి పెట్టిన పేరు. రెండేళ్ళ కిందట, పదకొండో ఏట, సగం పళ్ళూడిపోయి తిండి మానేశాడు. పెరుగన్నం పెట్టాను, గుడ్డు పెట్టాను, పెద్ద షాపులో అమ్మే కుక్కల తిండి తెచ్చి పాలల్లో నానబెట్టాను. మూతి తిప్పుకున్నాడు. పశువుల డాక్టరుగారు వయసైపోయిందమ్మా అన్నారు. నాలుగో రోజు ఆవిడ పని ముగించుకుని బకెట్టుతో మా ఇంటి ముందు నుంచి వెళుతుంటే, లేవలేని వాడు లేచాడు. గేటు దాకా నడిచి, కమ్మీల సందులోంచి మూతి పెట్టి ఆవిడ చేతులు నాకడం మొదలుపెట్టాడు.

"ఆకలుందండీ వీడికి. మీరు పెట్టేదే వీడికి పట్టట్లేదు," అంది.

మర్నాడు కవరులో పచ్చి పొట్ట ముక్క తెచ్చింది. మా ఇంట్లో మాంసం వండరు. ఆ కవరు విప్పితే పేడ, పులిసిన గడ్డి కలిసిన వాసన వచ్చింది. ముక్కుకి కొంగు కట్టుకుని, పెరట్లో దాన్ని నాలుగు నీళ్ళు కడిగి, పసుపు వేసి, విడిగా పొయ్యి పెట్టి ఉడికించాను. సింహం వాసన చూసి వెళ్ళిపోయాడు. సంగతి చెబితే ఆవిడ నవ్వి నవ్వి గేటు పట్టుకుంది.

"నా పని మీరు చేసేశారేంటండీ! గడ్డి మేక తింది, మేక పొట్ట కుక్క తింటది. మధ్యలో సబ్బు ఎందుకండీ?"

ఆ తర్వాత ప్రతి బుధవారం, ఆదివారం, అందరికీ కడిగిచ్చే ముందు సింహానికి మాత్రం కడగని ముక్క కోసి పక్కన పెట్టేది. డాక్టరుగారు ముఖం చిట్లించి, నులిపురుగుల మందు వేళకి వేయమనీ, ముట్టుకున్న చేతులు బాగా కడుక్కోమనీ చెప్పారు. వాడు తిన్నాడు. లేచి తిరిగాడు, కాకుల్ని చూసి మొరిగాడు. రెండేళ్ళు వాడు నాకు మిగిలింది ఆవిడ వల్లే. ఈ మాట ఆవిడ ముఖాన ఒక్కసారైనా అని ఉండాల్సింది.

అనలేదు సరే, గేటు కూడా తీయలేదు. వరండాలోంచే "అక్కడ తగిలించెయ్యమ్మా" అనేదాన్ని. ఒక శ్రావణంలో జోరువానలో వచ్చింది. అప్పుడూ అదే అన్నాను. ఆవిడ కవరు తగిలించి, తడుస్తూ అక్కడే నిలబడి, కమ్మీల్లోంచి చేతులు లోపలికి పెట్టింది. సింహం వానలోకి పరుగెత్తాడు. సున్నానికి వేళ్ళ సందులు పొక్కిపోయి తెల్లగా ఉండేవి ఆవిడకి. వాడు ఒక్కో వేలూ నాకాడు.

"ఎన్ని సబ్బులరగదీసినా వాసన పోదండీ టీచరుగారూ. మా మనవరాలు నా చేత్తో ముద్ద పెడితే తినదు. మీ సింహం ఒక్కడేనండీ, నా చేతులు చూసి మొహం తిప్పుకోనోడు," అంది. ఫిర్యాదులా అనలేదు. వర్షం తగ్గుతోంది అన్నట్టే అంది.

కిందటి నెల రావడం మానేసింది. నేను కొట్టుకి వెళ్ళి ముందు అడిగింది ముక్క గురించి. ఆ తర్వాతే ఆవిడ గురించి. కొట్టు ఆయన జ్వరమన్నాడు, కామెర్లన్నాడు. కడగని ముక్క ఆయనే ఇచ్చాడు. సింహం రెండుసార్లు నాకి, గేటు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు; బాగా ఆకలేస్తేనే కాస్త తినేవాడు. పది రోజుల కిందట ఆయన మా గేటు దగ్గర ఆగాడు. "సింహాన్ని ఓసారి తీసుకురమ్మందండి, చూడాలంట," అన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దాలి, కుక్కని ఆటో ఎక్కించుకుంటారో లేదో, ఆవిడ ఉండే సందులోకి వాడిని ఎలా తీసుకెళ్ళడం అని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. ఆదివారం చూద్దాం అనుకున్నాను. ఒక ఆదివారం అలాగే వెళ్ళిపోయింది. రెండోది రేపనగా ఈ కబురు వచ్చింది.

ఆ శనివారమే ఒక్కదాన్నే వెళ్ళాను. సందు మొదట్లో ఫ్లెక్సీ మీద ఆవిడ పేరు చూశాను. మంచి పేరు. ఇక్కడ రాయడం లేదు. బతికుండగా పిలవని పేరుని ఇప్పుడు వాడుకునే హక్కు నాకు లేదు.

ఆవిడని అరుగు మీద చాప వేసి పడుకోబెట్టారు. కూతురు నన్ను గుర్తుపట్టింది. "కుక్కగారి టీచరుగారు కదండీ," అని ఏడుస్తూనే పక్కకి జరిగింది. నేను కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అదే మొదటిసారి. పసుపు పట్టి, చల్లగా, శుభ్రంగా ఉంది. వాసనే లేదు.

"ఇందాక ఈ చేతుల్ని గంటసేపు రుద్దామండీ," అంది కూతురు. "బతికినన్నాళ్ళూ అందరిచేతా అనిపించుకుంది కదా. వెళ్ళేటప్పుడైనా వాసన లేకుండా వెళ్ళాలని."

ఇంటికి వచ్చి, చావింటి నుంచి వచ్చినవాళ్ళు చేసేదే చేశాను. వీధి గుమ్మం ఎక్కకుండా పెరట్లోకి వెళ్ళి, తలారా స్నానం చేసి, రెండుసార్లు సబ్బు రుద్దుకున్నాను. బట్టలు కూడా తడిపేశాను. ఆ తర్వాతే గుర్తొచ్చింది, సింహానికి వాసన చూపించడానికి ఆవిడది నా చేతుల మీద ఇంకేమీ మిగల్లేదని.

సింహం గేటు దగ్గరికి చేరి ఉన్నాడు. మూడు రోజులుగా ఏమీ తినలేదు. ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాపాను. వాడు ఒక్కో వేలూ వాసన చూశాడు. అరచేతులు చూశాడు, మణికట్టు దాకా వెతికాడు, మళ్ళీ మొదటి వేలు దగ్గరికి వచ్చాడు. తర్వాత మెల్లగా అటు తిరిగి, ఆవిడ చేతులు పెట్టే కమ్మీల మధ్య మూతి ఆనించి పడుకున్నాడు.