పుల్ల మీద మూడో గీత

నేను పాసయ్యాను. బీటెక్, మెకానికల్, ఒక్క పేపరు కూడా మిగల్లేదు. కామారెడ్డి బస్టాండులో నిలబడే ఫోన్‌లో చూసుకున్నాను. పక్కన ఉల్లిగడ్డల సంచితో కూర్చున్న ముసలవ్వకు కూడా చెప్పేశాను. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. బాపుకు ఫోన్ చేస్తే పొలం గట్టు మీద నుంచే నా పేరు ఊరంతా వినబడేలా పిలిచాడు. తర్వాత, "మీ అన్న ఉంటే" అన్నాడు. ఆ మాట పూర్తి చేయలేదు.

బాపు ప్రతిసారీ అనే ఆ సగం మాట నాలుగేళ్లుగా నా మీద కూర్చునే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అన్న శంకర్ రోజూ తెల్లారగానే మోటారు సైకిల్ మీద రెండు క్యాన్ల పాలు ఎల్లారెడ్డికి తీసుకుపోయేవాడు. ఆ బరువుకు బండి వెనక భాగం కుంగి, గుంతల్లో మడ్‌గార్డు చక్రానికి తగిలేది. అప్పుడు నేను పాలిటెక్నిక్‌లో ఉన్నాను. నేను సరిచేస్తానన్నాను. వెనక చక్రానికి చెరో పక్కన ఒక షాక్ అబ్జార్బర్ ఉంటుంది. దాని స్ప్రింగు కింద మెట్లు కోసిన రింగు ఉంటుంది. కొక్కెం స్పానర్‌తో రింగును తిప్పి పై మెట్టుకు ఎక్కిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది, బండి తక్కువ కుంగుతుంది. రెండు వైపులా ఒకే మెట్టు మీద ఉండాలి. మొదటి రోజే నేర్పే మాట అది.

ముందుగా ఒక కట్టెపుల్లను చక్రం ఇరుసు పక్కన నిలబెట్టి, సీటు అంచు వచ్చిన చోట గీతలు పెట్టాను. బండి స్టాండు మీద, చక్రం గాలిలో ఉంటే మొదటి గీత. స్టాండు తీసి ఖాళీగా నిలబెడితే రెండోది. అన్న క్యాన్లతో కూర్చుంటే మూడోది.

ఎడమవైపు రింగు తిరిగింది. మూడు మెట్లు ఎక్కించాను. కుడివైపు తిరగలేదు. మడి బురద సందుల్లో ఎండి బిగుసుకుపోయింది. సైలెన్సర్ కూడా అటువైపే, అన్న అప్పుడే ఊళ్లో పాలు పోగు చేసుకొచ్చాడు కాబట్టి ఇంకా వేడిగా ఉంది, వేళ్లు కాలాయి. బయట షేర్ ఆటో హారన్ కొడుతోంది. అది పోతే నాకు కామారెడ్డి బస్సు అందదు.

"రెండు దిక్కుల అయిందా చెల్లె?" అన్నాడు అన్న, క్యాన్లకు తాడు కడుతూ.

"అయింది అన్నా."

"ఇగ ఆ మెకానిక్ మొకం చూసే పనేంది? మనింట్లనే ఇంజనీరమ్మ ఉన్నది. ఇంత చాయ్ పోస్తే చాలు."

ఆదివారం హాస్టల్ నుంచి వచ్చి రెండోది తిప్పుదామనుకున్నాను. తిరగడం లేదని ఒక్క మాట ఎందుకు చెప్పలేకపోయాను? ఆటో కోసమా? కాదు. ఇంజనీరమ్మ అనిపించుకోవడం నాకు అంత ఇష్టంగా ఉండేది.

శుక్రవారం పొద్దున అన్న దారిలో ఆగి నాకు ఫోన్ చేశాడు. మలుపు తిరిగినప్పుడల్లా బండి ఒక పక్కకు గుంజుతోందని చెప్పాడు. గొంతు తేటగా ఉంది, మాట ఎక్కడా తడబడలేదు. కొత్త సెట్టింగు కదా, రెండు రోజుల్లో అలవాటవుతుందన్నాను. కొద్దిసేపటికే, ఎల్లారెడ్డి ఇంకా రాకముందే, బండి రోడ్డు దిగి కల్వర్టు గోడకు కొట్టుకుంది. రోడ్డంతా పాలు. అన్న అక్కడే పోయాడు.

కల్లు తాగి నడిపాడని ఎవరో అన్నారు. అందరూ నమ్మారు. ఒకప్పుడు అన్న తాగేవాడు. పెళ్లయ్యాక వదిన సుజాత నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి మానేశాడు. ఒట్టు తప్పితే ఎవరి నెత్తి మీద వేశారో వాళ్లకు తగులుతుందంటారు. పదో రోజున వదిన ఏడవలేదు. మాటిమాటికీ నడినెత్తి తడిమి చూసుకుంటూ, నస్రుల్లాబాద్‌లోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. ఇప్పటికీ తలనొప్పి వస్తే, తన వంతు వచ్చిందనుకుంటుందట. ఆ రోజు ఆమె సంచి ఆటో దాకా మోసింది నేనే. ఆ ఫోన్ సంగతి తెలిసింది నాకొక్కదానికే. నోరు తెరవలేదు.

చివరి ఏడాది ప్రాజెక్టు కోసం సస్పెన్షన్ తీసుకున్నాను. అన్న బండి కొట్టంలో స్టాండు మీద అలాగే ఉంది. బాపు అమ్మలేదు, బాగు చేయించలేదు. గీతలు పెట్టిన పుల్ల కూడా నేను దోపిన చూరులోనే ఉంది. మిట్టమధ్యాహ్నం అమ్మను, మేం అవ్వ అంటాం, హ్యాండిల్ పట్టుకోమని, బండిని స్టాండు దింపాను. సీటు అంచు రెండో గీత దగ్గర ఆగాలి. ఆగలేదు. మెల్లగా దిగి మూడో గీత మీద ఆగింది. క్యాన్లు లేవు. ఎవరూ కూర్చోలేదు. వెనక పట్టుకుని పైకి లేపితే లేచింది. వదిలితే కిర్రుమంటూ మళ్లీ అక్కడికే వచ్చింది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. మూడుసార్లు చూశాను. అవ్వ హ్యాండిల్ వదలకుండా, "గింత బరువున్నదేందే?" అంది.

స్ప్రింగు నీరసించిందని, తుప్పు తినేసిందని ప్రాజెక్టులో రాశాను. మంచి మార్కులు వేశారు. కానీ నేను వంగి కుడివైపు చూసింది మాత్రం అందులో రాయలేదు. రింగు కింది మెట్టు మీదే ఉంది. ఎండిన బురద మీద నా స్పానర్ జారిన గీత, నిన్ననే గీసినట్టుంది.

బండి పడింది దానివల్లేనా? నిరూపించలేను. చదువుకున్నాను కాబట్టి మరీ నిరూపించలేను. గొడ్డు అడ్డం వచ్చి ఉండొచ్చు, ఇసుక ఉండి ఉండొచ్చు అని నాలో నేనే ఎన్నిసార్లు వాదించుకున్నానో. కానీ "అయింది" అన్నది అబద్ధం, దానికి లెక్కలేమీ అక్కర్లేదు. అన్న తాగలేదన్నది నిజం, అదీ అంతే. నాకు క్షమ దొరుకుతుందని ఇది రాయడం లేదు. రాశాక మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.

బస్సు వచ్చేలోపు ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: డోంగ్లిలో మేనమామ. దుబాయిలో ఉన్న చిన్నాయన, ఫీజు కట్టింది ఆయనే. పాలిటెక్నిక్ వర్క్‌షాప్ సారు. హాస్టల్లో నా రూమ్మేట్. ఆ షేర్ ఆటో నడిపే అన్న, నా కోసం ఎప్పుడూ రెండు నిమిషాలు ఆగేవాడు, ఆ రోజు కూడా ఆగేవాడే. బాపు, మళ్లీ.

అందరికంటే ముందు వదిన. పాసైన సంగతి తర్వాత. మొదట కుడివైపు సంగతి.