ఆయన ఇంజనీరు కాదు

మా వియ్యంకుడు గారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే. అమెరికాలో ఈ ట్రాయ్ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళంతా వచ్చారు, మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా క్యారేజీలు తెచ్చారు. మీ అందరికీ దణ్ణం. కానీ అంత్యక్రియల రోజు మీ చేతుల్లో పెట్టిన కార్డులో ఒక అబద్ధం ఉంది. 'రిటైర్డ్ మైనింగ్ ఇంజనీర్' అట. నాకు చదువు రాదు, ఎవరో పైకి చదువుతుంటే విన్నాను. అందుకే ఇప్పుడు నేను చెప్తుంటే మా అమ్మాయి రాస్తోంది.

ఆయన ఇంజనీరు కాదు. తెలంగాణలో బొగ్గుబాయిలో దిగి, ముప్ఫై ఏళ్ళు తట్టా పారా పట్టి బొగ్గు టబ్బులు నింపిన మనిషి.

"అమ్మా, మా ఆయన చదివితే బాధపడతారే."

రాయవే. బాధపడాలనే చెప్తున్నా.

ఏ గదిలోకి వెళ్ళినా ఆయన ముందు తలెత్తి పైకప్పు చూసేవారు. అందితే చేతికర్రతో రెండుసార్లు కొట్టి చెవి ఒగ్గేవారు. "అన్నయ్యగారూ, ఈ అమెరికా అట్టముక్కల ఇల్లు మీకేం చెప్తుందండీ?" అని ఎగతాళి చేసేదాన్ని. "గదే జెప్తున్నది చెల్లెమ్మా, అట్టముక్కనని" అని నవ్వేవారు. బాయిలో మంచి కప్పు కొడితే గంటలా ఖంగుమంటుందట. చెడ్డదైతే బోలుగా మోగుతుందట. అది విని పక్కకి తప్పుకున్నవాడే సాయంత్రం ఇంటికొస్తాడని చెప్పేవారు.

పోయిన వేసవిలో మా అల్లుడు పడకలూ పొయ్యీ ఉన్న బండి, ఆర్వీ అంటారు, అద్దెకి తీసుకుని మమ్మల్నందరినీ మిషిగన్ పైభాగానికి తీసుకెళ్ళాడు. పొడుగాటి వంతెన దాటాక ఇక అన్నీ అడవులే. ఫోన్లు పనిచెయ్యవు. ఊళ్ళలో సగం కొట్లు మూసేసి ఉన్నాయి. ఒకచోట చెట్ల మీదుగా తుప్పుపట్టిన ఇనప గోపురం లాంటిది కనిపించేసరికి వియ్యంకుడు గారు సీట్లోంచి లేచిపోయారు. "బాయి! గదిగో బాయి!" బెల్టు పెట్టుకోమని కొడుకు అరుస్తున్నా వినలేదు.

ఆ ఊళ్ళో కూర లోపల పెట్టి కాల్చిన పెద్ద కజ్జికాయ లాంటిది అమ్ముతున్నారు, పాస్టీ అంటారట. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బాయోళ్ళ సద్ది. మసి చేతుల్తోటి గీ అంచు పట్టుకొని తినాలె" అన్నారు. మా అమ్మాయి కొట్టామెని అడిగితే నిజమేనంది.

మర్నాడు మూతబడ్డ ఇనప గని చూడ్డానికి దిగాం. తలలకి టోపీలు పెట్టారు. గని చూపించే తెల్లగడ్డం ముసలాయన ముందు నడుస్తూ ఏదో చెప్తున్నాడు. ఒక మలుపు దగ్గర ఈయన కర్రతో కప్పు కొట్టారు. మళ్ళీ కొట్టారు. రెండు చేతులూ అడ్డం చాచి, "ఆగున్రి! ఎవ్వలు కదలకున్రి!" అని కేక. అంతమంది అమెరికావాళ్ళు బిక్కచచ్చి నిలబడిపోయారు.

అల్లుడి మొహం కందిపోయింది. "నాన్నా, ఇది మ్యూజియం. అన్నీ చెక్ చేసే ఉంటారు, ప్లీజ్!"

ముసలాయన నవ్వలేదు. ఇనప గడ తెచ్చి అక్కడే కొట్టి విన్నాడు. పక్కన కొట్టి విన్నాడు. ఆ తర్వాత అందరినీ అవతలి గోడవారగా నడిపించాడు. బయటికొచ్చాక ఈయన గురించి ఏదో అడిగాడు. అల్లుడు చెప్పిన ఇంగ్లీషులో 'ఇంజనీర్' ఒక్కటే నాకర్థమైంది. వియ్యంకుడు గారికీ అర్థమైంది. ముసలాయన ఈయన అరచెయ్యి పట్టుకుని, బొటనవేలితో నిమిరి, తల అడ్డంగా ఊపి గట్టిగా నవ్వాడు. ఇవి ఇంజనీరు చేతులు కావన్నాడట.

ఆర్వీలోకి రాగానే అల్లుణ్ణి కడిగేద్దామని నోరు తెరిచాను. "ఊకో చెల్లెమ్మా, పిలగాడు చిన్నబోతడు" అన్నారు. ఆ పిలగాడికి యాభై దాటాయి! తండ్రి బొగ్గు నింపాడని చెబితే ఆఫీసులో ఎవరు చిన్నచూపు చూస్తారయ్యా అల్లుడూ? చూస్తే చూడనీ, వాళ్ళు నీకెందుకు?

ఆయన ఊరుకున్నారు. నేను ఊరుకోను. ఇప్పుడు పార్కులో ఆయన పేరిట బెంచీ వేయిస్తున్నారు. దాని మీద రేకు బిగించి పేరూ ఉద్యోగమూ చెక్కిస్తారట. ఏం రాయాలో ఇంకా ఖాయం చెయ్యలేదంటున్నారు. అల్లుడు గారూ, నాకు అక్షరాలు రాకపోవచ్చు. ఆ దారిన వాకింగుకొచ్చే ప్రతివాళ్ళనీ ఆపి చదివించుకుంటాను. మళ్ళీ ఆ ఇంజనీరు మాటే వినిపిస్తే అక్కడే నిలబడి కాదని చెప్తాను.

ఇంకొక్కటి చెప్పాలి. ఆయన ఎడమ కనుబొమ్మ మీద నీలం మచ్చ ఉండేది. ఎప్పుడో బొగ్గుపెళ్ళ తగిలి చర్మం చీలితే, పొడి లోపలే ఉండిపోయి పైన మానిపోయింది. ఎంత కడిగినా పోదు. ఫ్యునరల్ హోమ్‌లో ఆఖరిసారి చూడ్డానికి వెళ్తే ఆ మచ్చ లేదు. రంగు పూసి కప్పేశారు. నా ఒళ్ళు మండిపోయింది. సీసాలో నీళ్ళతో చెంగు తడిపి తుడిచాను. అక్కడి పనామె "మేడమ్, మేడమ్" అంటూ పరిగెత్తుకొచ్చింది. అల్లుడు చెయ్యి చాచాడు. నన్ను ఆపడానికే అనుకున్నాను. బయటపడ్డ ఆ నీలం మచ్చ మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు.