ఏరు దాటకూడని నెలలు

కోప్పడాలంటే ఊపిరి కావాలి. బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్ళూ నాకది లేదు. అప్పుడు అనలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను.

చిన్నప్పటి నుంచీ నాకు ఆస్తమా. కాలేజీ రోజుల్లో నిమోనియా వచ్చి ఎడమ ఊపిరితిత్తి కింది భాగం పాడైంది. పెళ్ళికి ముందే ఇదంతా చెప్పాం, ఏదీ దాచలేదు. ఐదో నెల వచ్చేసరికి మెట్ల సంగతి అలా ఉంచండి, జడ వేసుకుంటుంటేనే ఆయాసం. బందరులో ఛాతీ డాక్టరుగారు పరీక్ష చేసి, బిడ్డ పీల్చేదీ నా ఊపిరేనని, పదిహేను రోజులకోసారి తప్పకుండా వచ్చి చూపించుకోమని చెప్పారు.

మా అత్తగారి ఊరు దివిసీమలో ఉంది. బందరు వెళ్ళాలంటే కృష్ణ పాయ మీద వంతెన దాటాల్సిందే. ఐదో నెల దాటిన గర్భిణి ఏరు దాటకూడదని అత్తయ్య పట్టుబట్టింది. నాకు అమ్మ లేదు. గుడివాడలో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేసి మొర పెట్టుకుంటే, "వాళ్ళింటి ఆచారం కదమ్మా, కాస్త సర్దుకుపో" అన్నాడు. ఊపిరి దగ్గర ఏం సర్దుకుంటారండీ ఎవరైనా?

అత్తయ్య చెడ్డది కాదు. అదే నా ఖర్మ. చెడ్డదైతే ఎలాగోలా పోట్లాడేదాన్ని. మిరియాల పాలు కాచి ఇచ్చేది, వీపు రాసేది, నా కంచంలో ముల్లు తీసిన చేపముక్క పెట్టేది. ఆ చేత్తోనే నా ఇన్‌హేలర్ తీసుకుపోయి, "ఊరికే పీలిస్తే బిడ్డకి వేడి చేస్తుందమ్మా" అంటూ బీరువాలో పెట్టేది. అడిగితే ఇచ్చేది, కాదనను. ఆయాసంలో ఉన్న మనిషి అడగాలి, ఆవిడ తాళం వెతకాలి.

ఏడో నెలలో పరిస్థితి మరీ ముదిరింది. అప్పుడు మా ఆయనకి బ్రహ్మాండమైన ఆలోచన ఒకటి వచ్చింది. నా బదులు తను వెళ్ళి డాక్టరుకి చూపించుకొస్తాడట. పడుకున్న నా ఛాతీ దగ్గర ఫోన్ పెట్టి పిల్లికూతలు రికార్డు చేసుకుని, బైకు మీద బందరు వెళ్ళి డాక్టరుగారికి వినిపించాడు. నా పిల్లికూతలు వంతెన దాటొచ్చు, నేను మాత్రం దాటకూడదు.

డాక్టరమ్మ అది విని అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేయించారు. "మీ ఊరు, మండలం, జిల్లా ఒక్క గుక్కలో చెప్పమ్మా" అన్నారు. ఊరు చెప్పాను. మండలం సగంలో ఆగిపోయాను. ఆ తర్వాత ఆవిడ మా ఆయన్ని తిట్టిన తిట్లు నాకూ వినిపించాయి.

"కడుపుతో ఉన్నది నువ్వా, ఆ అమ్మాయా? లోపల బిడ్డకి గాలి అందట్లేదు. ఈ పూటే తీసుకురా."

మా ఆయన కారు మాట్లాడుకుని వచ్చాడు. అత్తయ్య కూడా ఎక్కింది. వంతెన మధ్యకి రాగానే ఆపమంది. కృష్ణమ్మకి పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ సమర్పిస్తే దోషం ఉండదని పంతులుగారు చెప్పారట. గాలికి పసుపు ఎగిరి చీర మీద పడుతుంటే మళ్ళీ తీసి మళ్ళీ వేసింది. మా ఆయన చెప్పులు విడిచి పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ముందు సీటు పట్టుకుని వంగిపోయి ఉన్నాను. నా గోళ్ళు నీలంగా ఉన్నాయి. పొద్దుటి నుంచీ బిడ్డ కదల్లేదు. ఆ ఇద్దర్నీ ఏట్లోకి తోసెయ్యాలనిపించింది, అబద్ధమెందుకు. "పదండి" అందామని నోరు తెరిస్తే మాట రాలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. సాయంత్రానికి బిడ్డ లోపల ఒక్క తన్ను తన్నింది. అప్పుడు ఏడ్చాను. సంతోషం తక్కువ, కోపం ఎక్కువ.

కాస్త తేరుకున్నాక, పురుడయ్యేదాకా బందరులోనే ఉండాలని, ఈసారి ఇలా వస్తే ఇద్దరిలో ఎవరూ దక్కరని డాక్టరుగారు ముగ్గురికీ చెప్పారు. ఆవిడ అటు వెళ్ళగానే అత్తయ్య నా బట్టలు సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.

"డాక్టర్లు అలాగే భయపెడతారు తల్లీ. ఇంటి దగ్గర నేను లేనూ?"

మా ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"అలాగే అత్తయ్యా. కానీ ఏడో నెల నడుస్తోంది. మళ్ళీ ఏరు దాటమంటారా?"

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "నిజమే సుమా" అని సంచిలో పెట్టిన చీరలు ఒక్కొక్కటే బయటికి తీసింది. చీకటి పడకముందే మా ఆయన ఆసుపత్రి వెనక వీధిలో గది అద్దెకి తీసుకున్నాడు.

పాప బందరులోనే పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. ఆనాటి నా తెలివిని చెప్పుకుని ఇంట్లో అందరూ నవ్వుకుంటారు, అత్తయ్యతో సహా. నాకు నవ్వు రాదు. నా పిల్లికూతలు విన్నారు, నీలం గోళ్ళు చూశారు, డాక్టరు చేత తిట్లు తిన్నారు. అవేవీ వాళ్ళకి చాల్లేదు. నేనూ నా బిడ్డా బతకాలంటే, మమ్మల్ని చంపబోయిన మాటనే నేనూ నమ్మినట్టు నటించాల్సి వచ్చింది.